బాగ్దాద్ అంత త్వరగా ఎలా పడిపోయింది?

దాదాపు అయిదు వందల ఏళ్లుగా అబ్బాసీ ఖలీఫాల నగరం బాగ్దాద్. 1258 జనవరి 29న చెంఘిజ్ ఖాన్ మనవడు హులాగూ మంగోలు సైన్యంతో దాన్ని ముట్టడించాడు. ఫిబ్రవరి 10కల్లా లొంగిపోయింది!

మంగోలులంటే గుర్రాలూ బాణాలే అనుకుంటాం. కానీ వాళ్ల వెంట కోటలు పగలగొట్టడంలో ఆరితేరిన చైనా పనివాళ్లూ ఉన్నారు. ఎదురొచ్చిన ఖలీఫా సైన్యం వెనక గట్లు తెంచి, ఆ నేలంతా చెరువు చేశారు. టైగ్రిస్ నదికి ఎగువనా దిగువనా పడవల వంతెనలు కట్టి, పారిపోయే దారి మూసేశారు. దగ్గర్లో రాళ్లు దొరకలేదు. అయితేనేం, ఖర్జూర చెట్లు నరికి ఆ మొద్దులనే యంత్రాలతో గోడల మీదికి విసిరారు!

మరి ఖలీఫా అల్ ముస్తాసిం? లొంగిపొమ్మన్న కబురును లెక్కచేయలేదు, యుద్ధానికి సరిగ్గా సిద్ధపడనూ లేదు. చివరికి ఆయన్ను తివాచీలో చుట్టి గుర్రాలతో తొక్కించారంటారు. రాజుల రక్తం నేల మీద పడకూడదని మంగోలుల నమ్మకం మరి!