సామాజిక మాధ్యమ వ్యాఖ్యలు - ఉద్యోగ నష్టం

ఫేస్‌బుక్, ఎక్స్ (పూర్వపు ట్విట్టర్), ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మొదలైన సామాజిక మాధ్యమాలలో పెట్టిన వ్యాఖ్య, చిత్రము లేదా వీడియో కారణముగా ఉద్యోగి కొలువు కోల్పోవుట, లేదా సస్పెన్షను, వేతనపు కోత వంటి చర్యలకు గురియగుట గత రెండు దశాబ్దాలలో తరచుగా కనబడుతున్న పరిణామము. వ్యాఖ్య చేసినది పని వేళల వెలుపల, సొంత ఫోనులో, సొంత ఖాతా నుండి అయినప్పటికీ చర్య తప్పని సందర్భాలు అనేకం ఉన్నాయి. పరుషమైన దూషణ, మతద్వేషము, ఆలోచన లేని హాస్యము, న్యాయమైన ఫిర్యాదు - ఈ నాలుగింటికీ కొన్నిసార్లు ఒకే రకమైన శిక్ష పడుతుండుట ఈ విషయములోని ప్రధానమైన చిక్కు.

తెలుగు రాష్ట్రాలలో

2019 జూలైలో ఖమ్మం నగరపాలక సంస్థ కార్యాలయములో కొందరు సిబ్బంది పని వేళలలో సినిమా పాటలకు, సంభాషణలకు అభినయిస్తూ టిక్‌టాక్ వీడియోలు తీసుకున్నారు. అవి ఊరంతా పాకిన తరువాత వారి వేతనములో కోత విధించి, వారిని ఇతర విధులకు మార్చారు. వారిలో ఎక్కువమంది ఔట్‌సోర్సింగు పద్ధతిపై పనిచేస్తున్నవారు. అదే నెలలో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో శిక్షణ పొందుతున్న ఇద్దరు ఫిజియోథెరపీ విద్యార్థులను ఇటువంటి వీడియో కారణముగానే శిక్షణ నుండి తప్పించారు. ఈ వీడియోలలో ఎవరినీ దూషించినది లేదు. పన్ను కట్టడానికి, వైద్యానికి వచ్చి వరుసలో నిలబడే ప్రజలకు అవి ఎలా కనిపిస్తాయన్నదే అక్కడ ప్రశ్న. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించింది గాని, ఆ అలవాటు రీల్సు రూపములో కొనసాగింది.

2024 అక్టోబరులో తుని ప్రాంతములో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ డ్రైవరు ఒకరు, దారికి ట్రాక్టరు అడ్డుపడగా బస్సు దిగి, ప్రయాణికుల ముందు సినిమా పాటకు నృత్యం చేశారు. వీడియో ప్రాచుర్యం పొందింది, డ్రైవరు సస్పెండయ్యారు. అయితే మంత్రి నారా లోకేశ్ ఆ నృత్యాన్ని మెచ్చుకొని, సస్పెన్షన్ ఎత్తివేయిస్తామని ఎక్స్‌లోనే ప్రకటించారు. కొలువు పోగొట్టిన మాధ్యమమే కొలువు తిరిగి ఇప్పించిన అరుదైన ఉదాహరణ ఇది. అందరికీ ఈ అదృష్టం పట్టదు.

దీనికి పూర్తిగా భిన్నమైనది డాక్టర్ సుధాకర్ ఉదంతము. నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు వైద్యుడైన ఆయన, కోవిడ్ తొలి రోజులలో వైద్యులకు తగిన మాస్కులు ఇవ్వడం లేదని బహిరంగముగా మాట్లాడిన వీడియో విస్తృతముగా ప్రచారమైంది. 2020 ఏప్రిల్‌లో ఆయనను సస్పెండు చేశారు. మే నెలలో విశాఖపట్నం రోడ్డుపై పోలీసులు ఆయనను నిర్బంధించిన తీరుపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో మరణించారు. దీనిని "నిర్లక్ష్యపు వ్యాఖ్య"ల కోవలో చేర్చుట సరికాదు. కాని ప్రవర్తనా నియమావళి దృష్టిలో దూషణకు, విన్నపానికి మధ్య గీత ఎంత పలుచనో ఇది తెలుపుతుంది.

ఉన్నత స్థాయి అధికారులకు కూడా మినహాయింపు లేదు. కంచ గచ్చిబౌలి భూముల వివాదములో, కృత్రిమ మేధతో తయారైన ఒక చిత్రాన్ని ఎక్స్‌లో పునఃప్రచురించినందుకు 2025 ఏప్రిల్‌లో ఐఏఎస్ అధికారిణి స్మితా సభర్వాల్‌కు గచ్చిబౌలి పోలీసులు నోటీసు ఇచ్చారు. అదే చిత్రాన్ని రెండు వేల మంది పంచుకున్నారని, వారందరిపైనా ఇదే చర్య తీసుకున్నారా అని ఆమె ప్రశ్నించారు. ఆ నెలాఖరున జరిగిన పలువురు అధికారుల బదిలీలలో ఆమె పర్యాటక శాఖ నుండి రాష్ట్ర ఆర్థిక సంఘానికి బదిలీ అయ్యారు.

నియమాలు

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. పత్రికలు, ఆకాశవాణి మాత్రమే ఉన్న కాలములో రాసినది కావున అందులో ఫేస్‌బుక్ ప్రసక్తి ఉండదు. ప్రభుత్వ విధానాలను బహిరంగముగా విమర్శించరాదన్న నిబంధనే నేటి పోస్టులకూ అన్వయిస్తున్నారు. చర్య తీసుకొను విధానము 1991 నాటి సీసీఏ నియమాలలో ఉన్నది.

సస్పెన్షను అనగా ఉద్యోగము పోవుట కాదు. విచారణ ముగిసే వరకు విధులకు దూరముగా ఉంచుట మాత్రమే. ఆ కాలములో సుమారు సగం వేతనానికి సమానమైన జీవనభృతి లభిస్తుంది. పూర్తిగా తొలగించవలెనన్న రాజ్యాంగములోని 311వ అధికరణము ప్రకారము అభియోగాలు తెలిపి, సమాధానము చెప్పుకొనే అవకాశము ఇచ్చి, విచారణ జరపవలెను. ఇందుకు మినహాయింపులు కొన్నే ఉన్నాయి. అయితే ఒక పోస్టుపై పోలీసు కేసు నమోదై ఉద్యోగి 48 గంటలకు మించి నిర్బంధములో ఉంటే సస్పెన్షను దానంతట అదే వర్తిస్తుంది. అందుచేత ఫిర్యాదుదారులు తరచుగా పై అధికారికి, పోలీసులకు ఒకేసారి ఫిర్యాదు చేయుట కనిపిస్తుంది.

ఔట్‌సోర్సింగు ఉద్యోగికి ఈ రక్షణలు దాదాపు లేవు. ఏజెన్సీకి ఒక మాట చెబితే మరునాటి హాజరు పట్టీలో పేరుండదు.

ప్రైవేటు కర్మాగారాల విషయము మరొక విధము. ఉదాహరణకు మేళ్లచెరువు (2016కు పూర్వం నల్గొండ జిల్లా, తరువాత సూర్యాపేట జిల్లా), మఠంపల్లి ప్రాంతాలలో ఉన్నటువంటి సిమెంటు కర్మాగారాలలో కార్మికుల క్రమశిక్షణ స్టాండింగ్ ఆర్డర్లపై ఆధారపడి ఉంటుంది. వీటికి మూలమైన 1946 చట్టము స్థానములో 2025 నవంబరు 21 నుండి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. ఇందులో 300 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలకు స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి. సంస్థ ఆవరణలో గాని దాని పరిసరాలలో గాని జరిగినదే దుష్ప్రవర్తన అని స్టాండింగ్ ఆర్డరులో ఉన్నపుడు, ఎక్కడో జరిగిన దానికి ఆ మాటను సాగదీయరాదని గ్లాక్సో లేబొరేటరీస్ కేసులో 1983లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గేటు బయట టీకొట్టు దగ్గర కూర్చుని ఫోర్‌మన్‌పై పెట్టిన వాట్సాప్ సందేశము "పరిసరాల"లోనిదా? సందేశము చదివినవారందరూ అదే షిఫ్టువారైతే సమాధానము అంత తేలిక కాదు.

న్యాయస్థానాలు

ప్రభుత్వ కొలువులో చేరినంత మాత్రాన పౌరుని ప్రాథమిక హక్కులు పోవని 1962లోనే కామేశ్వర ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఫేస్‌బుక్ విషయములో ఎక్కువగా ఉదహరింపబడుచున్నది త్రిపుర హైకోర్టు 2020 జనవరి తీర్పు. అక్కడ మత్స్యశాఖ ఉద్యోగిని ఒకరిని, రాజకీయ సభకు హాజరయ్యారని, ఫేస్‌బుక్‌లో వ్యాఖ్య పెట్టారని, పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు సస్పెండు చేశారు. దీనివలన ఆమె పింఛను ప్రయోజనాలు నిలిచిపోయాయి. నియమాల పరిధికి లోబడి అభిప్రాయము చెప్పే హక్కు ఉద్యోగికి ఉన్నదని చెప్పి కోర్టు ఆ చర్యను కొట్టివేసింది.

ఐటీ చట్టములోని 66ఏ సెక్షను ఉన్న కాలములో ప్రమాదము ఇంకా ఎక్కువగా ఉండేది. 2012 మేలో ముంబయిలో ఎయిర్ ఇండియా విమాన సిబ్బంది ఇద్దరు ఫేస్‌బుక్ వ్యాఖ్యలపై అరెస్టయి 12 రోజులు నిర్బంధములో ఉన్నారు, సస్పెండయ్యారు. తరువాత వారిని విధులలోకి తీసుకున్నారు. 2013 మేలో చీరాల శాసనసభ్యునిపై వ్యాఖ్యలకు గాను పౌరహక్కుల కార్యకర్త, న్యాయవాది జయ వింధ్యాల అరెస్టు కావడము సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షను రద్దయింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వర్గ వైరము, మత భావాలను గాయపరచుట, వదంతుల ప్రచారము వేరువేరు సెక్షన్ల కింద నేరములు.

ప్రవాసములో

గల్ఫులో నివాస అనుమతి ఉద్యోగముతో ముడిపడి ఉంటుంది. కొలువు పోయిన వ్యక్తి నిర్ణీత గడువులో మరొకటి చూసుకోవలెను, లేదా దేశము విడువవలెను. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వ్యాప్తిని ముస్లింలకు అంటగడుతూ పోస్టులు పెట్టిన పలువురు భారతీయులను యూఏఈ సంస్థలు తొలగించాయి. అక్కడ 2015 నుండి వివక్షను, ద్వేషప్రచారాన్ని శిక్షించే ప్రత్యేక చట్టమున్నది. వివక్షకు వ్యతిరేకముగా నిలుచుట రెండు దేశాల విలువ అని, భారతీయులు ఇది గుర్తుంచుకోవలెనని నాటి భారత రాయబారి పవన్ కపూర్ ట్విట్టర్‌లో హెచ్చరించారు. ఊరి వాట్సాప్ గ్రూపులో చెల్లుబాటయ్యే మాటను అదే ధోరణిలో దుబాయిలో కూర్చుని ఫేస్‌బుక్‌లో రాయుటే వీరిలో చాలామంది చేసిన పొరపాటు. 2018 జూన్‌లో దుబాయిలోని ఒక హోటలు కూడా, ఇస్లాముపై చేసిన ట్వీటు కారణముగా ప్రసిద్ధ పాకశాస్త్రజ్ఞుడు అతుల్ కొచ్చర్‌తో ఒప్పందాన్ని రద్దుచేసుకున్నది. ఆయన ట్వీటు తొలగించి, క్షమాపణ చెప్పినా ఫలితము లేకపోయింది.

తొలగించిన పోస్టు నిజముగా తొలగిపోదనుటకు ఎక్కువగా చెప్పబడే ఉదాహరణ 2013 డిసెంబరు నాటిది. న్యూయార్కుకు చెందిన ప్రజాసంబంధాల అధికారిణి ఒకరు లండనులో విమానమెక్కే ముందు ఆఫ్రికా, ఎయిడ్స్‌లపై ఒక హాస్యపు ట్వీటు పెట్టారు. అప్పటికి ఆమెను అనుసరించేవారు 200 మంది కూడా లేరు. దాదాపు 11 గంటల ప్రయాణము తరువాత కేప్‌టౌనులో దిగేసరికి ఆ ట్వీటు ప్రపంచమంతా తిరిగింది. ఆమె ఉద్యోగము పోయింది.

అమెరికాలో హెచ్-1బీ వీసాపై ఉన్నవారికి కొలువు పోతే గరిష్ఠముగా 60 రోజుల గడువు ఉంటుంది. ఉద్యోగము పోవుటయే కాక, చేతికి రాకపోవుట కూడా ఇప్పుడు సాధ్యము. 2025 డిసెంబరు 15 నుండి హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను కూడా అమెరికా విదేశాంగ శాఖ పరిశీలనలోకి తెచ్చి, వాటిని అందరికీ కనిపించేలా ఉంచవలెనని కోరింది. ఈ మార్పుతో భారతదేశములో ఆ నెలలో ఇంటర్వ్యూలు ఉన్న అనేకమందికి తేదీలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. సెలవుపై స్వదేశము వచ్చినవారు ఇక్కడే చిక్కుకొనిపోయారు.