సంగటి సరే, పులుసు ఎందుకు వద్దు?

కర్నూలు, కడప పల్లెల్లో కుక్కకంటూ వేరే వంట ఉండదు. మిగిలిన సంగటి పిసికి, ఇంత పులుసు పోసి వాకిట్లో పెడతాం. సంగటితో పేచీ లేదు. పేచీ అంతా పులుసులో పడే ఎర్రగడ్డ, తెల్లగడ్డ, చింతపండుతోనే.

ఎర్రగడ్డ కుక్కకు ఎందుకు పడదు?

గడ్డను కోసినా, నమిలినా గంధకపు పదార్థాలు బయటికొస్తాయి. మన కళ్లు మండించేవీ ఆ కోవవే. కుక్క రక్తంలో చేరాక అవి ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌ను చెడగొడతాయి. చెడినది ముద్దకట్టి కణం అంచున బొడిపెలా నిలుస్తుంది. మైక్రోస్కోపులో కనబడే ఈ బొడిపెలే హైంజ్ బాడీలు. అలాంటి కణాలను ప్లీహం ఏరి పారేస్తుంది, కొన్ని రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. ఈ దెబ్బ తట్టుకునే ఎంజైముల బలం మన కణాలకు ఉన్నంతగా కుక్క కణాలకు లేదు. కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదిది. ఎర్రగడ్డలు తిన్న కుక్కలకు రక్తహీనత వస్తుందని అమెరికా ప్రజారోగ్య శాఖ వైద్యుడు సెబ్రెల్ 1930లోనే రాశారు.

ఉడికితే పోదా?

పోదు. వేయించినా, ఎండబెట్టినా పోదు. ఉగ్గానిలో మగ్గిన ముక్కలూ, దోసె మీది ఎర్రకారమూ లెక్కలోకే వస్తాయి. బరువుకు బరువు చూస్తే తెల్లగడ్డది ఇంకా ఎక్కువ తీవ్రత. పొడి అయితే మరీనూ, నీరంతా పోయి చిక్కబడి ఉంటుంది కదా.

ఎంత తింటే ప్రమాదం?

ఒకేసారి ఒంటి బరువులో అర శాతం దాటితే ముప్పే. 10 కిలోల కుక్కకు అది 50 గ్రాములు, అంటే ఓ మోస్తరు గడ్డ. రోజూ కొంచెం కొంచెం పెట్టినా నష్టం పోగవుతుంది.

మా ఊరి కుక్కలు తరతరాలుగా తింటున్నాయే?

తింటున్నాయి. గరిటెడు పులుసులో ముక్కలు తక్కువ, పోయిన కణాల బదులు ఎముక మూలుగ కొత్తవి పుట్టిస్తుంది. కానీ ఏ కుక్కకు ఎంత రక్తం తగ్గిందో మనమెప్పుడు చూశాం? ఎండకు సోలిందనుకుంటాం. పైగా జబ్బు వెంటనే బయటపడదు. తిన్న మూడు నుంచి ఐదు రోజులకు చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం కాఫీ రంగుకు తిరుగుతుంది, నాలుగడుగులేస్తేనే రొప్పుతుంది. అప్పటికి ఆ పులుసు సంగతి ఎవరికి గుర్తుంటుంది? పిడుదుల జ్వరంలోనూ చిగుళ్లు తెల్లబడతాయి కాబట్టి, ఏం తిన్నదో డాక్టరుకు తప్పక చెప్పాలి.

చింతపండు సంగతేమిటి?

రాయలసీమ వంటింటికి ఇదే గట్టి దెబ్బ. ద్రాక్ష తిన్న కుక్కలకు మూత్రపిండాలు ఎందుకు పాడవుతాయో చాలాకాలం అంతుపట్టలేదు. 2021లో అమెరికాలోని జంతు విష నిపుణులు టార్టారిక్ ఆమ్లాన్ని అనుమానించారు. ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంది. చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే తరహా కిడ్నీ దెబ్బ కనబడిందని తర్వాత వాళ్లే రాశారు. ఎంత తింటే అపాయమో తేలలేదు. అందుకే గుజ్జు, పిప్పి కుక్కకు అందకుండా చూడడం మేలు.

టమాటా?

పండినది ఫరవాలేదు. పత్తికొండ వైపు తోటల్లో పిల్లకుక్కలు కొరికే ఆకు, కాడ, పచ్చికాయలతోనే జాగ్రత్త.

పారబోసిన ఎర్రగడ్డలను పశువులు తింటే?

ధర పడిపోయిన ఏడు కర్నూలు జిల్లాలో గడ్డలు గట్ల మీద కుప్పలుగా కనబడతాయి. వీటికి ఆవులు, గేదెలు కుక్కలాగే దెబ్బతింటాయి. గొర్రెలు, మేకలు చాలావరకు తట్టుకుంటాయి.

తినేసింది, ఇప్పుడేం చేయాలి?

విరుగుడు మందు లేదు. గంటా రెండు గంటల్లో తీసుకెళ్తే డాక్టరు వాంతి చేయిస్తారు. ఇంట్లో ఉప్పునీళ్లు పోయొద్దు, ఉప్పు ఎక్కువైతే అదో విషం. రక్తం బాగా తగ్గితే వేరే కుక్క రక్తం ఎక్కించాల్సి రావచ్చు. కడప జిల్లావాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. రేపటి నుంచి సంగటిలోకి ఇంత మజ్జిగో, ఉప్పూకారం వేయని ఉడికిన పప్పో కలపండి. పోపు పెట్టకముందే దాని వాటా తీసి పక్కన పెడితే వేరే వంట అక్కర్లేదు.