4.3 పేగు బాక్టీరియాను పునరుద్ధరించే చికిత్స

మన పెద్దపేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. అవి మనకు జీర్ణంకాని పీచును పులియబెట్టి, పేగు గోడకు పోషణనిచ్చే కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. చోటునూ ఆహారాన్నీ ఆక్రమించి, హానికర బాక్టీరియాను పెరగనీయవు. వేరుశనగ గుబురుగా కమ్మిన చేలో కలుపు లేవదు కదా, ఇదీ అంతే.

యాంటీబయాటిక్‌లు ఈ పైరును కూడా దెబ్బతీస్తాయి. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన సంచాలకులుగా ఉన్న లెడర్లే సంస్థ నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ వంటి మందులు ఎందరి ప్రాణాలో కాపాడాయి. అయితే విస్తృత పరిధి గల మందులకు మేలు, కీడు చేసే బాక్టీరియాల తేడా తెలియదు. ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసైల్ పెరిగితే తీవ్ర విరేచనాలు, పేగువాపు కలుగుతాయి.

దీనికి చికిత్స మల సూక్ష్మజీవుల మార్పిడి. ఆరోగ్యవంతుడైన దాత మలాన్ని పరీక్షించి, ద్రావణంగా చేసి రోగి పేగులోకి పంపుతారు. 2013లో ప్రచురితమైన నెదర్లాండ్స్ పరిశోధనలో, వ్యాధి తిరగబెట్టిన 16 మందిలో 13 మందికి ఒక్కసారితోనే నయమైంది. వాంకోమైసిన్ మాత్రమే వాడిన 13 మందిలో నయమైంది నలుగురికే. ఇతర వ్యాధుల్లో ఇంత స్పష్టమైన ఫలితం ఇంకా రాలేదు. పైగా 2019లో అమెరికాలో, దాత మలంలోని మందులకు లొంగని బాక్టీరియా సోకి ఒక రోగి మరణించారు. కాబట్టి ఇది ఇంట్లో చేసుకునే వైద్యం కాదు.

కర్నూలు, కడప పల్లెల్లోని చద్దన్నం, మజ్జిగలలో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా, రాగి, కొర్రలలో పీచు ఉంటాయి. ఇవి మంచి ఆహారమే గాని మందు కాదు. జలుబుకు మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడగకండి. అది వైరస్‌పై పనిచేయదు. వైద్యుడు రాసిన యాంటీబయాటిక్‌ను మాత్రం మీ అంతట మీరు మధ్యలో ఆపకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: యాంటీబయాటిక్ వాడకం తర్వాత కొందరికి విరేచనాలు ఎందుకు కలుగుతాయి?