వంటింటి బల్ల మీద రాకెట్టు

"కల్వం యాడ వెట్టినవ్ బిడ్డా? తొక్కు నూరాలె" అంటూ మా అత్తమ్మ వంటిల్లంతా వెతుకుతోంది.

"రాకెట్టు రెక్కల మీదున్నది అత్తమ్మా" అన్నాను.

ఆవిడ నావైపు అదోలా చూసింది. చూడదా మరి! రెండు పొరల అట్టముక్కలకు ఫెవికాల్ పూసి, వంకర పోకుండా రాత్రంతా కల్వం కింద అదిమి పెట్టాను. ఆ పూట మా ఇంట్లో తొక్కు లేకుండానే భోజనాలయ్యాయి.

ఇంతకీ ఈ రాకెట్టు గొడవ మా ఇంటికెలా వచ్చిందో చెప్పాలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. దసరా సెలవులకు ముందు ఓ సాయంత్రం బడి నుంచి మొహం ముడుచుకుని వచ్చింది. అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు జరుపుతారు కదా. 1957లో స్పుత్నిక్ ఎగిరింది అక్టోబరు 4నే. 1967లో అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చింది అక్టోబరు 10న. ఆ సందర్భంగా బడిలో నీటి రాకెట్లు ఎగరేస్తారట.

"అమ్మా, రాకెట్లు మగపిల్లలు చేస్తరంట. గాలి కొట్టేది కూడ వాళ్లేనంట. మేం చార్టులు రాయాలంట."

"నీకు చార్టు రాయడం ఇష్టమేగా?" అన్నాను, ఏదో సర్ది చెప్పాలని.

"ఇష్టమే. కానీ అడగలేదు కదా!"

ఆ మాట నాకెక్కడో తగిలింది. డిగ్రీలో నాది మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ప్రాక్టికల్స్‌లో లోలకం ఊపి, స్టాప్ వాచీ పట్టుకుని లెక్కలు కట్టినదాన్ని. పెళ్లయి కాటారం వచ్చాక కథలు రాస్తానని నలుగురికీ తెలిసిందిగానీ, ఫిజిక్స్ చదివానన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. నిజం చెప్పొద్దూ, నాకే గుర్తు లేదు.

"మనమే ఒకటి చేద్దాం పట్టు" అన్నాను. "వరంగల్ పోయినప్పుడు బొమ్మ రాకెట్టు కొనుక్కొస్త తియ్" అన్నారు మావారు. తల్లీకూతుళ్లం ఒక్కసారే వద్దన్నాం.

చెప్పుల షాపు యజమాని రాకెట్టు

చిన్న రాకెట్లు చేసి ఎగరేయడం అమెరికాలో పెద్ద సరదా. దానికి దారి వేసినవాడు శాస్త్రవేత్త కాదు. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్‌ఫోక్ అనే ఊళ్లో చెప్పుల షాపు నడిపిన ఆర్విల్ కార్లైల్. 1954లో కాగితం గొట్టం, తేలికైన కర్ర రెక్కలు, లోపల చిన్న మోటారుతో రాకెట్టు చేశాడు. ఇంట్లో మందు కూరి రాకెట్లు చేయబోయి దెబ్బలు తగిలించుకునే పిల్లల గురించి హ్యారీ స్టైన్ అనే రాకెట్ ఇంజనీరు రాసింది 1957లో చదివి, తన రాకెట్లను ఆయనకు పంపాడు. మరుసటి ఏడాదే వెర్న్ ఎస్టెస్, ఆయన భార్య గ్లెడా కలిసి అలాంటి మోటార్లు తయారు చేసే కంపెనీ పెట్టారు. ఆ వ్యాపారంలో ఆమె చెయ్యి కూడా ఉందని తెలిసి మా అమ్మాయి మొహం విప్పారింది.

అయితే ఆ మోటార్లలో ఉండేది మందుగుండు. మన దగ్గర కిరాణా కొట్టులో కొనుక్కునే వస్తువు కాదు, ఇంట్లో కలిపే సాహసం అసలే చెయ్యకూడదు. అందుకే నీళ్లు, గాలి. కూల్ డ్రింకు సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, బిరడా బిగించి, సైకిల్ పంపుతో గాలి కొడితే, లోపల అదుముకున్న గాలి నీళ్లను కిందికి నెడుతుంది. నీళ్లు కిందికి, సీసా పైకి. న్యూటన్ మూడో సూత్రం. ఉత్త గాలి తేలిక గనక అంత తోపు రాదు. నీళ్లకు బరువుంది గనక తోపు ఎక్కువ.

జాకెట్టు కొలత పనికొచ్చింది

సీసాను తలకిందులుగా పెట్టాలి. మూతి కింద, అడుగు పైన. దాని చుట్టూ చార్టు కాగితం తొడుగు చుట్టాం. మూడు రెక్కలు సమాన దూరంలో అతకాలి. మా అమ్మాయి కోణమానిని తెచ్చింది. నేను కాగితం పట్టీని తొడుగు చుట్టూ తిప్పి, కత్తిరించి, మూడు మడతలు పెట్టి, మడతల దగ్గర గీతలు గీశాను. జాకెట్టు గుడ్డకు గుర్తులు పెట్టుకునే పద్ధతే! రెక్క అతికాక మూలల్లో ఫెవికాల్ పోసి వేలితో నున్నగా రాస్తే గట్టిగా పట్టుకుంటుంది.

ముక్కుకు థర్మాకోల్ చెక్కాం. దాని కింద సన్నటి మెడ వదిలి, పై గొట్టంలో వదులుగా దిగేలా చేశాం. పారాచూట్‌కు పాలిథీన్ కవరు గుండ్రంగా కత్తిరించి, ఎనిమిది దారాలు కట్టాం.

ఇక్కడి వరకు బాగానే ఉంది. ఆ తర్వాతే నా చెయ్యి ఊరుకోలేదు.

సంక్రాంతి ముగ్గుకు ఏడు రంగులు లేనిదే తృప్తి లేని చెయ్యి కదండీ! కాగితం అతుకులు కనబడుతున్నాయని లప్పం పూశాను. ఆరాక ఉప్పు కాగితంతో రుద్దాను. ఎనామిల్ రంగు ఒక పూత వేశాను. గీతలు కనబడ్డాయని రెండో పూత. రెక్కలకు ఎరుపు, తొడుగుకు తెలుపు, ముక్కుకు పసుపు. చూసినవాళ్లు "కొన్నారా?" అని అడిగారు. నేను పొంగిపోయాను.

బరువు పైన, తేలిక కింద

రాకెట్టు సరిగ్గా ఎగురుతుందో లేదో ముందే తెలుసుకునే ఉపాయం ఒకటుంది. సీసా ఖాళీగా ఉండగా, అది ఎటూ వాలకుండా నిలిచే చోట తాడు కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పాలి. ముక్కు ముందుకు సాగితే మంచిది. మాది తోక ముందు పెట్టి ఎగిరింది!

కిరాణా కొట్టు కాటా మీద పెట్టాం. రంగుకు ముందు 118 గ్రాములు. ఇప్పుడు 151. నా అలంకారం బరువు 33 గ్రాములు, అందులో ఎక్కువ భాగం వెనుక రెక్కల మీదే.

అత్తమ్మ తంగేడు పూలు వేరుకుంటూ ఇదంతా వింటోంది. "బతుకమ్మకు అడుగు వరుసలు నిండుగ పెడ్తం, మీదికి పోను పోను సన్నగ చేస్తం. బరువు కిందుంటెనె పడిపోదు. నీ రాకెట్టు ఉల్టానా ఏంది?"

ఉల్టానే! బతుకమ్మ నేల మీద కూర్చుంటుంది గనక బరువు కిందుండాలి. రాకెట్టుకు గాలిలో ఆసరా లేదు. అది తన బరువు కేంద్రం చుట్టూనే తిరుగుతుంది. ముక్కు కాస్త పక్కకు వాలిందంటే, వెనుక రెక్కలకు గాలి తగిలి తోకను మళ్లీ దారిలోకి తోస్తుంది. ఇది జరగాలంటే బరువు కేంద్రం ముందుండాలి, గాలి ఒత్తిడి కేంద్రం వెనకుండాలి. రెండిటి మధ్య కనీసం రాకెట్టు లావంత దూరం ఉండాలంటారు. ఈకలు వెనక, ములికి ముందు ఉన్న బాణం లాగన్నమాట. అత్తమ్మకు బాణం అనగానే అర్థమైంది.

రెక్కల మీది రంగు గీకేశాను. ఎంత మనసు చివుక్కుమందో! ముక్కులో పిల్లలు ఆడుకునే బంకమట్టి కొంచెం కొంచెం పెడుతూ మళ్లీ మళ్లీ తిప్పి చూశాం. 40 గ్రాముల దగ్గర ముక్కు బుద్ధిగా ముందుకు సాగింది.

పంపు పట్టుకున్న చేతులు

ఎగరేసే రోజు నేనూ బడికి వెళ్లాను. కొట్లాటకు కాదు. "ఎవరు చేసిన రాకెట్టుకు వాళ్లనే గాలి కొట్టనివ్వండి సార్" అని ఒక్క మాట అడిగాను. మాస్టారు రెక్కలు పట్టి చూసి, "ఇది మీ పాప చేసిందా?" అన్నారు. "మేమిద్దరం చేశాం" అన్నాను. సరేనన్నారు.

బిరడాలో సైకిల్ ట్యూబు వాల్వు బిగించి, పంపుకు ఐదు మీటర్ల గొట్టం వేయించుకున్నాం. మొదటిసారి బిరడా వదులై, నీళ్లన్నీ కారిపోయాయి. అబ్బాయిలు నవ్వారు. మా అమ్మాయి చున్నీ నడుముకు బిగించి, బిరడా మళ్లీ బిగించి, లెక్కబెడుతూ పంపు కొట్టింది. పద్నాలుగో దెబ్బకు బుస్సున లేచింది. వేపచెట్టు దాటి, నిటారుగా, కొంచెం కూడా అల్లాడకుండా!

పారాచూట్ మాత్రం విచ్చుకోలేదు. ముక్కు మెడ మీద కూడా నేను రంగు వేశాను కదా, ఆ మందానికి గొట్టంలో బిగుసుకుపోయింది. రాకెట్టు వచ్చి నేల మీద పడి ఒక రెక్క ఊడింది. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మాయి మాత్రం రెక్క ఏరుకుని పరుగున వచ్చి, "చూసినవా అమ్మా, నిటారుగ పోయింది!" అంది. వెనకాల ఇంకో ముగ్గురు ఆడపిల్లలు. పంపు తామూ కొడతామని.

ఆ రాత్రి శ్రీహరికోట గురించి చెప్పాను. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి ఎగిరిన మొదటిది చిన్న రోహిణి రాకెట్టు. 2022 నవంబరు 18న హైదరాబాద్‌లోని స్కైరూట్ సంస్థ చేసిన విక్రమ్-ఎస్ అక్కడి నుంచే లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. దేశంలో ఒక ప్రైవేటు సంస్థ ఎగరేసిన మొదటి రాకెట్టు అది. బండ్ల శిరీష 2021 జూలై 11న అంతరిక్షపు అంచు దాకా వెళ్లి వచ్చింది. మా అమ్మాయి అన్నీ వింది. చేతిలో ఉప్పు కాగితం, ముక్కు మెడ మీది రంగు రుద్దుతోంది.

"ఈసారి రంగు నేనేస్తనమ్మా. ఒక్క పూతే" అంది.

మీరూ చేయదలిస్తే...

* గ్యాస్ ఉన్న కూల్ డ్రింకుల సీసానే వాడండి. అది ఒత్తిడికి తట్టుకునేలా చేసినది. మంచినీళ్ల సీసా పనికిరాదు.
* సీసాను ఉప్పు కాగితంతో రుద్దకండి, వేడి జిగురు అంటించకండి, దాని మీద నేరుగా రంగు వేయకండి. బలహీనపడి పగలవచ్చు. ముస్తాబంతా కాగితం తొడుగు మీదే.
* గీతలు పడ్డ, నొక్కులు పోయిన సీసాను పారేయండి.
* ముక్కులో మేకులు, ఇనుప ముక్కలు పెట్టవద్దు.
* గాలి కొడుతుండగా ఎవరూ రాకెట్టు మీదికి వంగకూడదు. బిరడా ఎప్పుడు ఊడేదీ చెప్పలేం. కళ్లద్దాలు పెట్టుకోండి.
* కరెంటు తీగలు లేని ఖాళీ మైదానంలో, గాలి తక్కువగా ఉన్నప్పుడు ఎగరేయండి.
* మందుగుండు జోలికి మాత్రం వెళ్లకండి.