మోచేతి ఎముకలు: శస్త్రచికిత్సకు తరువాత

మానవ శరీరంలోని కీళ్ళలో మోచేయి చిన్నదే అయినా దాని నిర్మాణం మిక్కిలి జటిలమైనది. భుజాస్థి, రత్ని, అరత్ని అనే మూడు ఎముకలు అక్కడ ఒకే తిత్తిలో కలుస్తాయి. భుజాస్థికీ అరత్నికీ మధ్య ఉన్నది మడతబందు కీలు. దాని వలన చేయి ముడుచుకొంటుంది, చాచుకొంటుంది. రత్ని తల తిరుగుటచేత అరచేయి వెల్లకిలా, బోర్లా మారుతుంది. ఇంత ఇరుకు స్థలంలో ఇన్ని పనులు జరుగుతున్నందున అక్కడ తగిలే గట్టి దెబ్బ తరచు ఒక్క ఎముకతో ఆగదు. కీలు తొలగి, రత్ని తల పగిలి, అరత్ని ముందువైపు కొన కూడ విరిగిన స్థితికి అమెరికా శస్త్రవైద్యుడు హాచ్‌కిస్ 1996లో 'భయంకర త్రయం' అని పేరు పెట్టాడు. ఆ పేరులో అతిశయోక్తి లేదు.

మన పల్నాడులో ఇట్టి దెబ్బలకు కొరత లేదు. మాచర్ల రోడ్డు మీద మోటారు సైకిలు జారినా, మిర్చి టిక్కీలు ఎత్తిన ట్రాక్టరు పైనుండి పడినా, నాపరాళ్ళ గనిలో కాలు తప్పినా మనిషి అప్రయత్నంగా చేయి ఆనిస్తాడు. బరువంతా మోచేతికి చేరుతుంది. నరసరావుపేటలోనో, గుంటూరు పెద్దాసుపత్రిలోనో ప్లేట్లు, స్క్రూలు, తీగలతో ముక్కలను కూర్చుతారు. ఎక్సురే చూచి ఎముక అతికిందనగానే ఇంటివారు నిశ్చింతులవుతారు. కాని ఎముక అతకడం వేరు, చేయి పనికి రావడం వేరు. ఈ భేదాన్ని వివరించుటే మా ఉద్దేశం.

అన్నిటికంటె సాధారణమైన సమస్య కీలు బిగుసుకొనిపోవడం. దెబ్బ వలన వాచిన తిత్తి మానేటప్పుడు దళసరియై కుంచించుకొనిపోతుంది. 1981లో మొర్రే, ఆయన సహచరులు నిత్యకృత్యాలను కొలిచి చూచారు. పూర్తిగా చాచిన చేతిని సున్నా అనుకొంటే, 30 నుండి 130 డిగ్రీల వరకు కదిలితే చాలా పనులు సాగుతాయని తేల్చారు. చాపడంలో కొంత లోపించినా సర్దుకోవచ్చు. ముడవడంలో లోపిస్తే అన్నం ముద్ద నోటికి చేరదు. చెంచాతో తినేవారికి దాని పిడి పొడవు కలిసివస్తుంది. మనకు వేళ్ళే చెంచా గదా! అందుచేత ముక్కలు గట్టిగా బిగిసినవని వైద్యుడు తలచినప్పుడు కొద్దిరోజులలోనే కదలిక మొదలుపెట్టిస్తాడు. మూడు వారాలు దాటి కదపకుండా ఉంచిన మోచేయి బిగుసుకొనే ప్రమాదం ఎక్కువ.

ఇక్కడే మన వాళ్ళు దారి తప్పుతున్నారు. కదపమన్నారు గనుక నూనె రాచి, నలుగురూ పట్టుకొని చేతిని బలవంతంగా వంచడం పల్లెలలో నేటికీ ఉన్నది. రోగి తన కండరాల బలంతో తాను కదపడం వైద్యం. ఇతరులు గుంజడం దెబ్బ మీద దెబ్బ. అట్టి మాలిషు వలన, చిరిగిన కండలో ఎముక పుట్టి కీలుకు అడ్డు పడగలదని ఎముకల వైద్యులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. తలకు గాయమైనా, శస్త్రచికిత్స ఆలస్యమైనా కూడ ఈ అదనపు ఎముక పెరిగే అవకాశం హెచ్చు. పెరిగిన దానిని తొలగించాలంటే అది ముదిరేవరకు నెలల తరబడి ఆగాలి.

పుత్తూరు కట్టును మేము నిందించడం లేదు. పక్కకు తొలగని పగులు ఏ కట్టుతోనైనా కదలకుండా ఉంటే అతుకుతుంది. ఆ కీర్తికి అది ఒక కారణం. కాని ముక్కలైన కీలుకు కట్టు చాలదు. పైగా బిగువైన కట్టు రక్తప్రసారాన్ని ఆపితే ముంజేతి కండలు చచ్చి వ్రేళ్ళు వంకరపోతాయి. 1881లో జర్మనీ వైద్యుడు వోక్‌మన్ వర్ణించిన వ్యాధి ఇదే. వ్రేళ్ళు చాపినప్పుడు భరించరాని నొప్పి వస్తే కట్టు వెంటనే విప్పించాలి.

గణిత విద్యార్థులకు ఒక మాట. అరబ్బీలో 'జబ్ర్' అనగా విరిగిన దానిని సరిచేయడం. అల్‌ఖ్వారిజ్మీ గ్రంథం పేరులోని ఆ మాట నుండియే 'ఆల్జీబ్రా' వచ్చింది; స్పెయిను దేశంలో 'అల్హెబ్రిస్తా' అంటే ఒకప్పుడు ఎముకలు కట్టేవాడని కూడ అర్థం. కట్టుకు 'జబీరా' అని పేరు. వుజూలో మోచేతుల వరకు కడగాలి గాని, గాయానికి తడి తగలరాదన్నప్పుడు జబీరా మీద తడిచేత్తో మసహ్ చేస్తే సరిపోతుందని ఫిఖ్‌హ్ గ్రంథాలు అనుమతించాయి. సజ్దాలో అరచేతులపై పడే బరువు కొత్తగా కూర్చిన మోచేతికి చేటు; రోగి కూర్చుండి సైగతో నమాజు చేయవచ్చు. తెలియక బాధపడే పెద్దలకు విద్యార్థులు ఈ సంగతి చెప్పాలి.

మిగిలిన సమస్యలు క్లుప్తంగా. చుట్ట, బీడీ, సిగరెట్టు ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి. మధుమేహం అదుపులో లేకుంటే గాయం చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. జ్వరం, ఎరుపు, స్రావం కనబడితే మరునాటి వరకు ఆగరాదు. మోచేతి లోపలి గుబ్బ వెనుకనుండి పోయే నాడి, తగిలితే కరెంటు కొట్టినట్లు అనిపించేది, నలిగితే చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు తిమ్మిరెక్కుతాయి. ఈ తిమ్మిరి తగ్గకపోయినా, పట్టు సడలుతున్నా శస్త్రవైద్యునికి చూపాలి. ఇక మోచేతి మొనవద్ద చర్మం పలుచన గనుక లోపలి తీగ కొన గుచ్చుకొనడం తరచు జరిగేదే. అది శస్త్రచికిత్స విఫలమైందనుటకు గుర్తు కాదు. ఎముక పూర్తిగా అతికిన పిదప ఆ తీగను తీసివేయవచ్చు.