కణానికీ ఉందో కాలింగ్‌ బెల్‌!

పుట్టిన ఎలుకపిల్ల కళ్లు తెరవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. 1950ల చివర్లో అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్‌ ఎలుకల లాలాజల గ్రంథి నుంచి తీసిన రసాన్ని ఆ పిల్లలకు ఎక్కించి చూశారు. వారం తిరిగేసరికే కళ్లు తెరిచేశాయి. పళ్లూ ముందే వచ్చేశాయి! కణాలను ఎదగమని తొందరపెట్టే ప్రొటీన్‌ ఏదో ఆ రసంలో ఉందన్నమాట. అలాంటి ప్రొటీన్లను కనిపెట్టినందుకే 1986లో కోహెన్‌కు, రీటా లెవీ మోంటాల్చినీకి నోబెల్‌ బహుమతి వచ్చింది.

మరి బయట తిరిగే ప్రొటీన్‌ చెప్పే కబురు కణం లోపలికి ఎలా చేరుతుంది?

మీట బయట... మోత లోపల!

కణం పైపొరలో రిసెప్టర్‌ టైరోసిన్‌ కైనేజ్‌లనే ప్రొటీన్లు ఉంటాయి. నోరు తిరగని పేరే కానీ, చేసే పని మాత్రం కాలింగ్‌ బెల్‌దే. ఒక కొస బయట, ఇంకో కొస లోపల. కబురు తెచ్చిన ప్రొటీన్‌ బయటి కొసకు అతుక్కోగానే సాధారణంగా రెండు రిసెప్టర్లు జతకడతాయి. లోపలి కొసల్లోని టైరోసిన్‌ దగ్గర ఒకదానికొకటి ఫాస్ఫేట్‌ తగిలించుకుంటాయి. అదే మోత! అక్కడి నుంచి కబురు చేతులు మారుతూ కేంద్రకం దాకా వెళ్తుంది.

మనిషిలో ఇలాంటివి 58 రకాలున్నాయి. గాయం మానాలన్నా, కొత్త రక్తనాళాలు పుట్టాలన్నా ఇవి పనిచేయాల్సిందే. ఇన్సులిన్‌ నొక్కేదీ ఇలాంటి మీటనే. టైపు 2 మధుమేహంలో ఇన్సులిన్‌ ఉన్నా ఆ కబురు లోపల సరిగా అందదు.

మోత ఆగకపోతే...

కొన్ని రొమ్ము క్యాన్సర్లలో జరిగేది దీనికి తలకిందులు. హెర్‌2 అనే రిసెప్టర్‌ కణం మీద లెక్కకు మించి పుట్టుకొస్తుంది. ఎవరూ నొక్కకుండానే బెల్లు మోగుతూనే ఉంటుంది, కణం చీలుతూనే ఉంటుంది. ప్రతి 100 రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 ఈ రకానివే. ఇవి త్వరగా తిరగబెడతాయని 1987లో డెనిస్‌ స్లామన్‌ బృందం గుర్తించింది. హెర్‌2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్‌ ఇంజెక్షన్‌కు 1998లో అమెరికా అనుమతించింది. ఆపరేషన్‌ తరవాత కీమోతోపాటు దీన్ని ఇస్తే, వ్యాధి తిరగబెట్టే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని 2005లో తేలింది. 2014లో మన దేశంలో దీనికి బయోసిమిలర్లు కూడా వచ్చాయి.

రిపోర్టులో ఏం చూడాలి?

'పక్కింటావిడకు ఆ ఇంజెక్షన్‌తో నయమైందట, మనకెందుకు రాయలేదు?' అని చాలా ఇళ్లలో అనుకుంటారు. జబ్బు పేరు ఒకటే అయినా మోగే బెల్లు వేరు కావచ్చు. అందుకే గడ్డ నుంచి తీసిన ముక్కకు హెర్‌2 పరీక్ష చేస్తారు. 3 ప్లస్‌ అని వస్తే పాజిటివ్‌. సున్నా, 1 ప్లస్‌ అయితే నెగెటివ్‌. 2 ప్లస్‌ అయితే అప్పుడే తేల్చలేరు, ఫిష్‌ అనే మరో పరీక్ష చేయాలి. నెగెటివ్‌ అయినా కాస్తో కూస్తో హెర్‌2 ఉంటే, వ్యాధి ఇతర అవయవాలకు పాకిన కొందరికి ఇచ్చేందుకు 2022లో అమెరికా మరో కొత్త మందును అనుమతించింది. కాబట్టి ఆ అంకె ఎంతో అడిగి తెలుసుకోవాలి, రిపోర్టును భద్రంగా దాచుకోవాలి.

ట్రాస్టుజుమాబ్‌ కొందరిలో గుండె పనితీరును తగ్గిస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందూ, చికిత్స సాగినన్నాళ్లూ గుండెకు ఎకో పరీక్ష తప్పనిసరి. ఒంట్లో బాగానే ఉంది కదా అని దాన్ని మానేయకూడదు.