రెండు చెంచాల క్రీముకు అర లీటరు పాలు

ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్, డెవన్ కౌంటీల్లో ‘క్రీమ్ టీ’ అడిగితే నాలుగు వస్తాయి: టీ, స్కోన్లు, జామ్, క్లాటెడ్ క్రీమ్. స్కోన్ అంటే ఈస్ట్ వేయకుండా కాల్చిన చిన్న రొట్టె. క్రీమ్ మాత్రం గిన్నె వంచినా జారదు. పైన లేత పసుపు పొర, కింద మెత్తటి ముద్ద. చెంచాతో తవ్వి తీసుకోవాల్సిందే.

ఆ చిక్కదనం వెనకున్న అంకె 55. మన పాల కేంద్రాల్లో వెన్నశాతం చూసి ధర కడతారు. బ్రిటన్‌లో క్రీముకు పేరు పెట్టేదీ దాన్ని చూసే. కనీసం 18 శాతం ఉంటే సింగిల్ క్రీమ్, 35 ఉంటే విప్పింగ్, 48 ఉంటే డబుల్. కనీసం 55 ఉండాలి, పైగా కాచి చల్లార్చి తీసిందై ఉండాలి, అప్పుడే క్లాటెడ్.

పాత పద్ధతిలో వెన్న తీయని పాలను వెడల్పాటి పళ్లేల్లో పోసి గంటల తరబడి కదపకుండా ఉంచుతారు. తేలికైన వెన్న పైకి చేరుతుంది. అప్పుడు పొంగనివ్వకుండా, 80–90 డిగ్రీల సెల్సియస్ దగ్గర సన్నని సెగన కాస్తారు. కొంత నీరు ఆవిరైపోతుంది, పైన పొర కడుతుంది. రాత్రంతా చల్లారాక గట్టిపడ్డ క్రీమును తెడ్డుతో ఎత్తుతారు. మధ్యలో కలియబెడితే పొర చెదిరిపోతుంది.

ఇక ఖర్చు లెక్క. స్కోన్‌కు పట్టించే క్రీమ్ 40 గ్రాములనుకుందాం. అందులో వెన్న 22 గ్రాములు. అంటే 4 శాతం వెన్నున్న పాలు అర లీటరుకు పైమాటే. గ్రాము కొవ్వుకు 9 కేలరీల చొప్పున, ఆ వెన్న ఒక్కటే దాదాపు 200 కేలరీలు!

‘కార్నిష్ క్లాటెడ్ క్రీమ్’ పేరుకు 1998లో యూరోపియన్ యూనియన్ రక్షణ దక్కింది. పాలు కార్న్‌వాల్‌వే కావాలి, తయారీ అక్కడే జరగాలి. జామ్ ముందా, క్రీమ్ ముందా అన్న తగవు మాత్రం తెగలేదు: కార్న్‌వాల్ వాళ్లు జామ్ రాసి పైన క్రీమ్ పెడతారు, డెవన్ వాళ్లు క్రీమ్ పరిచి పైన జామ్ వేస్తారు.

ఇంట్లో చేసి చూడాలనుకునేవారు కొనేముందు ప్యాకెట్ మీది వెన్నశాతం చూసుకోవాలి. మన దుకాణాల్లో ఫ్రెష్ క్రీమ్ పేరిట అమ్మేదాంట్లో అది తరచూ 25 శాతమే. అంత పలచటి క్రీమును ఎంతసేపు కాచినా చేతికొచ్చేది కొద్దిపాటే.